దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ ఫ్రేమ్‌వర్క్ నడుస్తోంది?

కాశీకి వెళ్ళినవాళ్ళు కాయో పండో వదిలేసి వస్తారు. నేను దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళింది ఒకటి పట్టుకొద్దామని. తీరా లెక్క చూసుకుంటే నేనూ అక్కడ రెండు వదిలేసే వచ్చాను. ఒక జత చెప్పులు, కొంత పొగరు.

మాది నిడదవోలు. అక్కడి డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఏటా వేసవిలో చివరి సంవత్సరం పిల్లలకి ఒక వెబ్ ఫ్రేమ్‌వర్క్ నేర్పుతాం. ఇల్లు కట్టుకునేవాడు ప్రతి తలుపూ తనే చెక్కుకోడు కదా. వెబ్‌సైట్లు కట్టేవాళ్ళకీ అలాగే తలుపులూ కిటికీలూ ముందే అమర్చిన చట్రాలు దొరుకుతాయి. వాటినే ఫ్రేమ్‌వర్కులంటారు. అవి పాతిక దాకా ఉన్నాయి. ఒక్కోదానికీ భక్తులు వేరు, తిలకాలు వేరు. ఒక వేసవిలో ఒక్కటి నేర్పడానికే టైము చాలుతుంది.

పోయిన వేసవిలో నేను జాంగో నేర్పాను. ఎందుకంటే నాకది ఇష్టం. దాని అమరిక చూస్తే నాకు మా అమ్మమ్మ సర్దిన పోపులపెట్టె చూసినట్టుంటుంది. పన్నెండు మంది నేర్చుకున్నారు. పన్నెండు మందీ హైదరాబాద్ వెళ్ళి, ఆ పేరు అడిగిన ఇంటర్వ్యూ ఒక్కటీ దొరక్క తిరిగొచ్చేశారు. అందరిలోకీ చురుకైన పిల్ల నాగమణి. ఇప్పుడు మా మెయిన్ రోడ్డులో చీరల షాపులో మడతలు విప్పి చూపిస్తోంది. ఆ షాపు దగ్గరికొచ్చేసరికి నేను రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాను.

ఈ ఏడు ముప్పై ఒక్కమంది పేర్లిచ్చారు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "ఈసారి మీకు నచ్చింది కాదండీ, నడిచేది చెప్పండి. వెళ్ళి కళ్ళారా చూసి రండి" అన్నారు. మళ్ళీ తప్పు చేస్తే ఈసారి ముప్పై ఒక్కమంది. అది తలుచుకుంటేనే నాకు ముద్ద దిగేది కాదు.

అక్కడ తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. పేపరు తెరిస్తే బందులు, రాస్తారోకోలు. బస్సెక్కించడానికి వచ్చిన మా ఆవిడ, "అక్కడ ఎక్కువ మాట్లాడకండి. నోరు తెరిస్తే గోదావరి కారుతుంది మీకు" అని హెచ్చరించింది.

అబ్దుల్లాపూర్‌మెట్ మీదుగా

తెలవారుతుండగా మెలకువ వచ్చింది. మంచులో, దూరంగా, కొండల వారన కోట గోపురాలు కనిపించాయి. పక్క సీటాయన్ని అడిగితే సినిమా స్టూడియో అన్నాడు. ఆ కోటలకి ముందు గోడలే తప్ప వెనక గోడలుండవట. నిద్ర కళ్ళకి అవి నిజం కోటలకన్నా నిజంగా ఉన్నాయి. ఆ మూడు రోజులూ నాకు అలాగే గడిచాయి. ఏది కలో ఏది రోడ్డో తెలియని ఒక మెత్తదనంలో తిరిగాను.

ఎల్బీ నగర్‌లో దిగాను. సూర్యాపేట నుంచి, నల్గొండ నుంచి, మా కోస్తా నుంచి వచ్చిన బస్సులన్నీ అక్కడే జనాన్ని కుమ్మరిస్తున్నాయి. మూటలు, పాల క్యాన్లు, కోళ్ళ గంపలు, వాటి మధ్య సర్టిఫికెట్ల ఫైళ్ళు గుండెకి హత్తుకున్న పిల్లలు. చాయ్ ఐదు రూపాయలు. మా వైపు టీ గ్లాసులో సగం నీళ్ళే, ఇక్కడ చాయ్ రెండు గుక్కలే అయినా నాలుకని అరగంట వదల్లేదు.

దిల్‌సుఖ్‌నగర్: ఉచిత క్లాసులు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆకాశం తక్కువ, ఫ్లెక్సీలు ఎక్కువ. ఒక్కో స్తంభానికి పది కోర్సుల పేర్లు వేలాడుతున్నాయి. జాంగో కోసం వెతికాను. పరీక్ష ఫలితాల పేపర్లో సొంత నంబరు వెతుక్కున్నట్టు ప్రతి బోర్డూ పైనుంచి కిందకి చదివాను. ఎక్కడా లేదు. స్ట్రట్స్ అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్ మాత్రం బస్టాపు నుంచి బిర్యానీ హోటల్ దాకా ప్రతి మెట్ల దారి మీదా ఉంది.

అక్కడో మంచి ఆచారం ఉంది. ఏ కోర్సుకైనా మొదటి మూడు రోజుల క్లాసులు ఉచితం. డెమో అంటారు. మా వైపు పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నాకే వంట ఎలా ఉందో తెలుస్తుంది. ఇక్కడ రుచి చూపించాకే విస్తరి వేస్తారు. నేను రోజంతా డెమోల మీదే బతికాను. తలకి రంగేసుకోని నలభై ఏళ్ళవాణ్ణి చూసి ఎవరూ ఏమీ అనలేదు. ఉద్యోగం పోయినవాడనుకున్నారేమో, రెండు చోట్ల నాకు ముందు వరసలో కుర్చీ ఇచ్చారు.

స్ట్రట్స్ క్లాసులో రెండొందల మంది ఉన్నారు. సారు మైకులో చెబుతున్నాడు. స్ట్రట్స్ పద్ధతి అచ్చం మన ఎమ్మార్వో ఆఫీసు. ఏ కాగితమైనా ఒకే కిటికీలో ఇవ్వాలి, లోపలి గుమాస్తా పెద్ద రిజిస్టరు చూసి ఎవరి దగ్గరికి పంపాలో తేలుస్తాడు. విసుగే, కానీ కాగితం పోదు. పీహెచ్‌పీ వాళ్ళ కోడ్‌ఇగ్నైటర్ చెప్పే గదిలో పద్నాలుగు మందే. అది తోపుడుబండి లాంటిది, ఎక్కడ ఆపితే అక్కడే వ్యాపారం. స్ప్రింగ్ అనేదానికి మాత్రం స్ట్రట్స్ అయినవాళ్ళే వెళ్ళాలట, టెన్త్ అయితేనే ఇంటర్ అన్నట్టు. రైల్స్ అని ఇంకోటుంది, ప్రపంచమంతా మోగుతోంది. అది అడిగితే రిసెప్షన్‌లో అమ్మాయి, "గది గీడ నడువది సార్" అంది. ఎందుకు నడవదో ఆమెకీ తెలియదు.

మధ్యాహ్నం ల్యాబులో ఒక వింత చూశాను. సర్వర్ అంటే మన పేజీలు వడ్డించే ప్రోగ్రాము. ఏదైనా మార్పు చేస్తే దాన్ని ఓసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. ఒక్కసారి చాలు. నా పక్కన కూర్చున్న అమ్మాయి ఆపింది, మొదలుపెట్టింది. మళ్ళీ ఆపింది, మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె పక్కనతనూ అంతే. వరస వరసంతా అంతే. ఆచమనం చేస్తున్నట్టుగా శ్రద్ధగా చేస్తున్నారు.

"రెండోసారి ఎందుకమ్మా?" అని అడిగాను.

"అట్లనే చెయ్యాలె సార్. ఒక్కసారి చేస్తే పేజీ రాదు."

"ఎవరు చెప్పారు?"

"నోట్సుల ఉంది గద" అని నా వైపు జాలిగా చూసింది.

యాదగిరి జిరాక్స్

ఆ నోట్సు ఎక్కడ దొరుకుతుందంటే నలుగురూ ఒకే దుకాణం చూపించారు. మెట్ల కింద ఇరుకు గది. గోడకి పావురాల గూళ్ళలా అరలు. ఒక్కో అరలో ఒక్కో కోర్సు నోట్సుల కట్టలు. మిషను పచ్చటి వెలుగు అటూ ఇటూ తిరుగుతుంటే యాదగిరి ముఖం వెలిగి ఆరిపోతోంది. యాభై ఏళ్ళుంటాయి. నల్గొండ పల్లె నుంచి లారీ క్లీనరుగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట.

"యాదగిరి గారూ, స్ట్రట్స్ నోట్సు ఉందాండీ?" అన్నాను.

"గారు ఏంది సార్, యాదన్న అను చాలు. ఉన్నది. మీకా, మీ పిల్లలకా?"

వచ్చిన పని చెప్పాను. ఆయన మిషను ఆపేసి మరీ విన్నాడు.

"గా క్లాసులన్ని తిరుగుడెందుకు సార్? నాకు చదువైతె రాదు గని, ఏది నడుస్తదో నన్నడుగుండ్రి. ఏ అర ఖాళీ అయితె గదే నడుస్తున్నట్టు."

స్ట్రట్స్ అర సగం ఖాళీగా ఉంది. ఒక కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. స్పైరల్ బైండింగ్‌తో నూట ఇరవై రూపాయలు. తెరిచాను. గుండ్రటి చేతిరాత. ప్రోగ్రామంతా ఇంగ్లీషులోనే ఉంది కానీ అంచుల్లో, చిన్న గీతల గదుల్లో, తెలుగు. "ఈడ ఎర్రర్ వస్తే భయపడకు. పైన బ్రాకెట్ మూసినవా చూస్కో." ఇంకో పేజీలో, "ఇది సార్ రెండుసార్లు చెప్పిండు, అయినా నాకు అర్థం కాలేదు. మూడు రోజులైతె నీకు అర్థమైతది, ముందుకు పో." నేను ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్ పుస్తకాలు చదువుతున్నాను. భయపడకు అని చెప్పిన పుస్తకం ఒక్కటీ లేదు. అక్కడే నిలబడి, జనం తోసుకుంటున్నా పట్టించుకోకుండా, చదువుతూ ఉండిపోయాను.

నలభై ఒకటో పేజీ చివరి వరస: సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెట్టు. నలభై రెండో పేజీ మొదటి వరస: సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెట్టు. నాకు నవ్వాగలేదు. రాసినవాళ్ళెవరో పేజీ తిప్పి అదే వరస మళ్ళీ రాశారు, ఊరు ఊరంతా సర్వర్‌ని రెండుసార్లు ఆపుతోంది!

"నాకు ఎర్కనే సార్" అన్నాడు యాదగిరి. "ఒకసారి వైటునర్ పెట్టి గా లైను తీసేసిన. పిల్లలు కట్టలు వాపస్ తెచ్చిండ్రు. ఇది ఒరిజినల్ గాదు, డూప్లికేట్ అని ఒకటే లొల్లి. పరేషానై మల్ల ఎనకటిదే పెట్టిన."

రాసింది ఎస్తేరు అనే అమ్మాయి అని చెప్పాడు. ఇల్లు బడంగ్‌పేటలో. పొద్దున ఒక దవాఖానలో కంప్యూటర్ మీద పేషెంట్ల పేర్లు ఎక్కిస్తుంది, సాయంత్రం క్లాసుకొస్తుంది. నోట్సు రాసిచ్చినందుకు ఆమెకి ఏ కోర్సుకీ ఫీజు లేదు. అలా ఏడు కోర్సులు చేసిందట. ఏది గొప్పదో, ఏది కాదో ఆమెకి తెలిసినట్టు ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదనిపించింది.

"రేపు ఆమె వస్తుందా?"

"రేపు బంద్ గద సార్. ఎల్బీ నగర్ చౌరస్త కాడ వంటా వార్పు ఉన్నది. తల్లీబిడ్డలు ఆడనే ఉంటరు. నడుసుకుంట పోతె గంట."

బంద్ రోజు నడక

మా వైపు బంద్ అంటే తలుపులేసుకుని పడుకోవడం. నేనూ అలాగే అనుకుని, భయంభయంగా లాడ్జి మెట్లు దిగాను. రోడ్డు చూసి నిలబడిపోయాను. విజయవాడ హైవే, నిన్న దాటడానికి పావుగంట పట్టిన హైవే, ఒక్క చక్రం లేకుండా పొడుగ్గా పడుకుని ఉంది. షట్టర్లన్నీ దించేశారు. ఎక్కడి నుంచో డప్పు వినిపిస్తోంది, ఎటునుంచో మాత్రం తెలియడం లేదు. గాలికి ఒక ఫ్లెక్సీ కొట్టుకుంటోంది. డివైడరు పక్కన ఒక ఆవు కూర్చుని నెమరేస్తోంది. రోడ్డు నడిబొడ్డున ఒక ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఇటు చివరనుంచి అటు చివరకి చూస్తున్నాడు.

నన్ను చూసి, అడక్కుండానే, "ముప్పయ్యేండ్ల సంది గీ రోడ్డు దాటుతున్న. గింత వెడల్పుంటదని ఇయ్యాలనే చూసిన" అన్నాడు.

ఇద్దరం కాసేపు ఆ వెడల్పు చూశాం. ఊరికే చూడ్డానికి కూడా అంత బాగుంటుందని నాకూ తెలియదు.

కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గరకొచ్చేసరికి వాసన ముందుగా ఎదురొచ్చింది. టార్పాలిన్ల కింద నల్గొండ బత్తాయిలు గుట్టలుగా ఉన్నాయి. ఎండకి వాటి వాసన రోడ్డంతా పరుచుకుంది. ఆ వాసనలో కళ్ళు అరమూసి నడుస్తుంటే నా చెప్పు తెగింది. పిన్నీసుతో పది అడుగులు లాగాను, రెండో చెప్పు కూడా దానికి తోడుగా తెగింది. బంద్ రోజున చెప్పులు కుట్టేవాడు ఎక్కడ దొరుకుతాడు? రెండింటినీ మార్కెట్ గోడ వారన మర్యాదగా పెట్టేసి, జాతీయ రహదారి మీద వట్టికాళ్ళతో ఎల్బీ నగర్ చేరాను.

రోడ్డు మీద వంట

వంటా వార్పు అంటే బండలు విసరడం కాదు, పొయ్యిలు పెట్టడం. చౌరస్తాలో నాలుగు రోడ్ల మధ్య పెద్ద పెద్ద గిన్నెలు ఎక్కించి, అక్కడే వండి, అక్కడే అందరూ కూర్చుని తింటారు. ప్రభుత్వం మీద కోపమొస్తే మనుషులు ఉపవాసం చేయడం విన్నాను. కడుపునిండా తిని నిరసన తెలపడం ఇక్కడే చూశాను. పొగ లేచి ఫ్లెక్సీల మీదుగా సాగుతోంది. పొగలోంచి జెండాలు, డప్పులు, బిందెలు మోస్తున్న ఆడవాళ్ళు కనిపిస్తూ మాయమవుతూ ఉన్నారు. నేను ఓ పక్కన ఒదిగి నిలబడ్డాను.

ఒక పెద్దామె నా చేతిలో చాకు పెట్టింది. "ఊకె నిలవడితె ఎట్ల? ఉల్లిగడ్డలు కొయ్యి."

"అలాగేనండి, ఎన్ని కొయ్యమంటారు?" అన్నాను. నోరు తెరిచాను కదా, కారింది. చుట్టూ నలుగురు తలెత్తారు.

"ఆంధ్రనా సారూ?"

"గోదావరి" అన్నాను, ఊరి పేరు బదులు నది పేరు చెబితే తప్పించుకోవచ్చన్నట్టు.

పెద్దామె నవ్వింది. "గోదారి ఫస్టు మా దిక్కే కదయ్యా పారేది. మీ దగ్గరికొచ్చేది మేం తాగినంకనే. కూసో, తిని పో."

ఆమె ఎస్తేరు తల్లి అని తర్వాత తెలిసింది. కూతురు బియ్యం గంప మోసుకుంటూ అప్పుడే వచ్చింది. పాతికేళ్ళుంటాయి, కళ్ళజోడు, చున్నీ నడుముకి బిగించింది. యాదగిరి పంపాడని చెప్పాను. వచ్చిన పని చెప్పాను. ఆమె నా ఎదురుగా కూర్చుని, తనూ ఒక చాకు తీసుకుంది. అలా మా ఫ్రేమ్‌వర్కుల చర్చ ఉల్లిపాయల మధ్య, కళ్ళ నీళ్ళతో జరిగింది.

ముందు నలభై రెండో పేజీ గురించి అడిగాను. సిగ్గుపడింది.

"గప్పుడే మా అమ్మ అన్నానికి పిలిచింది సార్. యాడ ఆపిన్నో యాదికుంటదని, తినొచ్చినంక మల్ల గదే లైను రాసిన. గంతే. ఇప్పుడు ఇంటర్వ్యూలల్ల గూడ అడుగుతున్నరంట, సర్వర్ ఎన్నిసార్లు ఆపాలె అని!"

"రైల్స్ ఇక్కడెందుకు నడవదమ్మా?"

ఆమె చాకు ఆపింది. "నవ్వొద్దు మల్ల. గా బ్యాచ్ నడిచినప్పుడు నాకు టైఫాయిడ్ ఒచ్చింది. ఇరవై దినాలు పండుకున్న. నోట్సు లేదు. పిల్లలు సగంల లేసి స్ట్రట్స్‌ల కూసున్నరు. గంత మంచి సారు, గంత మంచి కోర్సు, నా జరంతోని పోయింది. ఇప్పటికి బాధైతది."

నేను నవ్వలేదు. ప్రపంచమంతా మోగుతున్న ఒక ఫ్రేమ్‌వర్క్ దిల్‌సుఖ్‌నగర్‌లో మోగకపోవడానికి ఒక పిల్ల జ్వరం కారణమంటే, ఉల్లిపాయలు కోస్తూ వింటున్నవాడికి అది పూర్తిగా నిజమనే అనిపించింది.

ఆ ధైర్యంతో నా జాంగో కథ ఎత్తుకున్నాను. అది ఎంత పొందికగా ఉంటుందో, నాలుగు వరసలు రాస్తే ఆఫీసు పేజీలన్నీ దానంతట అదే ఎలా తయారుచేసి పెడుతుందో చెప్పాను. క్లాసులోకన్నా బాగా చెప్పాననుకుంటాను. పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్నాయన కూడా విన్నాడు.

ఎస్తేరు అంతా విని, "మంచిగనే ఉన్నది సార్" అంది. "తప్పొస్తే మీ పిల్లలు ఎవల్ని అడుగుతరు?"

"వెబ్‌సైట్లో అంతా రాసే ఉంటుంది."

"ఇంగ్లీషులనా?"

"ఇంగ్లీషులోనే."

"మీ ఊర్ల మనుషులెవలున్నరు?"

"నేనున్నాను కదా."

"ఫోన్ ఎత్తుతరా సార్ మీరు?"

ఆమె వెక్కిరింపుగా అడగలేదు. మామూలుగా, ఉల్లిపాయ పొట్టు తీస్తూ అడిగింది. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకున్నప్పుడు నాగమణి ఫోన్ చేసింది. తను కట్టిన పేజీలో తెలుగు అక్షరాలకి బదులు ప్రశ్నార్థకాలు వస్తున్నాయట. "అంతా వెబ్‌సైట్లో ఉంటుందమ్మా, చదువుకో" అని పెట్టేశాను. తర్వాత ఆమె నంబరు కనిపించినప్పుడల్లా మోగనిచ్చాను. నిద్ర ఒక కారణం. ఆ ప్రశ్నకి జవాబు నాకూ తెలియకపోవడం అసలు కారణం. ఈ మాట అప్పటిదాకా మా ఆవిడకి కూడా చెప్పలేదు, ఎల్బీ నగర్ చౌరస్తాలో ముక్కూ మొహం తెలియని ఆ పిల్లకి చెప్పేశాను.

ఆమె నన్ను ఓదార్చలేదు. "స్ట్రట్స్ గొప్పదని ఎవలు నేర్చుకుంటలేరు సార్ గీడ" అంది. "హాస్టల్ల ఎర్రర్ ఒచ్చిందనుకో, పక్క రూమ్ తలుపు కొడితె ఎవలో ఒకలు చెప్తరు. ఆ రూముల తెల్వకపోతె ఇంకో రూము. గదే నడుసుడు అంటె. మీ జాంగోకు తలుపు లేదు సార్, గంతే. అది ఖరాబైందేం గాదు."

ఈలోగా వంటయింది. రోడ్డు మీదే వరసలుగా కూర్చున్నాం. అన్నం, ముద్దపప్పు, పచ్చిపులుసు. మా ఇంట్లో పచ్చిపులుసంటే వంకాయ కాల్చి పిసికి చేసేది. ఇక్కడ చింతపండు నీళ్ళలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అంతే. ఇదేం పులుసు అనుకుంటూ మొదలుపెట్టి మూడుసార్లు పోయించుకున్నాను. ఉల్లిపాయలు నేను కోసినవని పక్కాయనకి చెప్పుకున్నాను కూడా. మెతుకు మెతుకూ రుచిగా ఉంది. మనసు మాత్రం నిడదవోలు మెయిన్ రోడ్డు మీద, ఆ షాపు ఎదుట ఆగిపోయింది.

లేస్తుంటే ఎస్తేరు తల్లి నా కాళ్ళు చూసింది. ఎవర్నో కేకేసి ఒక జత రబ్బరు చెప్పులు తెప్పించి నా ముందు పడేసింది. వద్దంటే, "గోదారి దాక వట్టికాళ్ళతోని పోతవా?" అని కసిరింది.

తిరుగు బస్సు

మర్నాడు బస్సులు మొదలయ్యాయి. వెళ్ళేముందు యాదగిరి దగ్గరికెళ్ళి స్ట్రట్స్ నోట్సు ముప్పై ఒక్క కట్టలు కావాలన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"మోస్తరా సార్ గవన్ని? ఒక్కటి కొనుక్కపోండ్రి. మీ ఊర్ల జిరాక్సు మిషను లేదా ఏంది?"

అది తన వ్యాపారానికే నష్టమని ఆయనకి తోచినట్టు లేదు. లేదా తోచే అన్నాడేమో. ఆ ఒక్క కట్టనీ ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి వెనకగోడల్లేని కోటలు వెళ్ళిపోవడం చూస్తూ, విజయవాడ దాకా అంచుల్లోని తెలుగు మాత్రమే చదివాను. ఏది నేర్పాలో తేలిపోయింది. ఎవరు పక్కన ఉంటారన్నదే తేలలేదు.

నిడదవోలు

బస్సు దిగి ఇంటికి వెళ్ళలేదు. సంచీతోనే మెయిన్ రోడ్డులో నడిచాను. ఈసారి రోడ్డు దాటలేదు.

షాపులో సాయంత్రం బేరాలింకా మొదలవలేదు. నాగమణి తెల్లటి పరుపు మీద నిలబడి చీరలు సర్దుతోంది. నన్ను చూసి గబగబా కిందికి దిగింది.

"రండి సార్, రండి. అమ్మగారికాండి చీర?"

"చీర కాదమ్మా. అప్పుడు ఫోన్ చేశావు కదా, ప్రశ్నార్థకాలొస్తున్నాయని..."

నేను దారంతా కూర్చుకున్న మాటలు అక్కడితో అయిపోయాయి. ఆమె కాసేపు గుర్తు తెచ్చుకుంది. మొహం విప్పారింది.

"అదాండి! అది మూడో రోజుకి వచ్చేసిందండి."

"వచ్చేసిందా?"

"డేటాబేసు కట్టేటప్పుడే చెప్పాలండి, మన అక్షరాలొస్తాయని. నేను కట్టేశాక చెప్పాను, అందుకని వినలేదు. మళ్ళీ మొదట్నుంచి కట్టాను. పేజీ నిండా తెలుగే సార్! చెబుదామని మీకు వెంటనే చేశానండి. సాయంత్రం చేశాను, మర్నాడు చేశాను. బిజీగా ఉన్నారనుకున్నాను."

సాయం అడగడానికి చేస్తోందనుకుని నేను మోగనిచ్చిన ఫోన్లు అవన్నీ. నాకు తెలియని జవాబు నాకు చెప్పడానికి చేసింది ఆ పిల్ల. "ఇప్పుడు చెప్పమ్మా" అన్నాను. చీరపెట్టెలోని అట్ట చింపి, దాని మీద రాసి చూపించింది. రబ్బరు చెప్పులతో నిలబడి విన్నాను. ఒకచోట అర్థం కాక మళ్ళీ అడిగాను, విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది.

అప్పుడు సంచీలోంచి ఎస్తేరు నోట్సు తీసి ఇచ్చాను. ఈ వేసవికి నేర్పేది ఇదే, ముప్పై ఒక్కమంది ఉన్నారు, నాతో పాటు నువ్వూ చెప్పాలి అన్నాను. షాపు వాళ్ళతో నేను మాట్లాడతానన్నాను. ఆమె పేజీలు తిప్పింది. అంచుల్లో ఏదో చదివి నవ్వుకుంది.

"నాకిది రాదు కదండీ."

"నాకూ అంతంత మాత్రమే. ఇంకా నెల ఉంది."

నాగమణి కట్ట మూసి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని, నా కళ్ళలోకి చూసింది.

"వస్తానండి. కానీ సార్, పిల్లలకి మీ నంబరు ఇవ్వకండి. నాది ఇవ్వండి. నేనైతే ఎత్తుతాను."